మూడో స్తంభం మీద సుద్దగీత

మా ఆఫీసులో పనిచేయని మీటరు మీద ఎవరికీ కోపం రాదు. పనిచేసే మీటరంటేనే అందరికీ మంట. పనిచేసేది ఎప్పుడో ఒకప్పుడు ఎర్రగా వెలుగుతుంది, ఫోన్లు మోగిస్తుంది, భోజనం ముందు కూర్చున్నవాళ్ళని లేపుతుంది. చచ్చింది మాత్రం బూడిదరంగులోకి మారిపోయి, ఎవరి జోలికీ రాకుండా ఓ మూల పడి ఉంటుంది. అలా ఉండేవాళ్ళని మనుషుల్లో కూడా బుద్ధిమంతులంటారు. నాకు ఆ పేరు ఎప్పుడూ రాలేదు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా పని కాంక్రీటు వంతెనల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండడం. నది మీద ఉన్న పెద్ద వంతెనకి ఒళ్ళంతా మీటర్లు బిగించాం. ఎంత వంగింది, ఎంత అదిరింది, పగులు ఎంత తెరుచుకుంది, అన్నీ ఎప్పటికప్పుడు మా గదిలో గోడ మీదున్న తెరకి వస్తాయి. ఆకుపచ్చ అయితే క్షేమం. ఎరుపైతే పరుగు. బూడిదరంగైతే మీటరు పోయినట్టు, తీరిగ్గా మార్చుకోవచ్చు. నేను చేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది, వంతెన తెల్లగా ఉండేది. ఇప్పుడు ఇద్దరం రంగులు మార్చుకున్నాం.

ఆ వంతెనకి అవతలి ఒడ్డున మా అక్కా బావా ఉంటారు. బావకి అక్కడ కళ్ళజోళ్ళ దుకాణం. అక్కకి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఆ మిషన్లున్న ఆసుపత్రి ఇవతలి ఒడ్డున, మా ఆఫీసు వెనక వీధిలో ఉంది. వెళ్ళిన ప్రతిసారీ బావే దుకాణం మూసి, తన పాత కారులో అక్కని వంతెన దాటిస్తాడు. కారు వంతెన ఎక్కగానే అక్క చేత నాకు ఫోను చేయించి, పక్కనుంచి అరుస్తాడు.

"మరదలా, మీ అక్క ఎక్కింది. నీ వంతెన వంగిందా?"

"నువ్వు ఎక్కితే వంగింది బావా, అక్కదేముంది" అంటాను నేను. ఎన్నేళ్ళుగానో ఇదే హాస్యం. ముగ్గురికీ విసుగు రాలేదు.

ఆ వంతెన తప్పితే ఇంకో దారి ఉంది. నది ఎగువన పాత వంతెన మీదుగా, కొండ చుట్టూ తిరిగి రావాలి. ఆ దారిన రావడానికి ఒక పూట, పోవడానికి ఒక పూట పడుతుంది. ఒకసారి ఏదో లారీ బోల్తా పడి మా వంతెన మూసేస్తే బావ అక్కని ఆ దారిన ఇంటికి తీసుకెళ్ళాడు. డయాలసిస్ అయినవాళ్ళకి ఒంట్లో సత్తువ ఉండదు. అక్క దారిపొడుగునా వాంతులు చేసుకుని, పిక్కలు పట్టేసి, ఇల్లు చేరేసరికి స్పృహ తప్పింది. మళ్ళీ జన్మలో ఆ దారి మొహం చూడనని బావ నాతో అన్నాడు. అందుకే ఆ వంతెన నాకు ఉద్యోగం ఒక్కటే కాదు, అక్క ప్రాణం కూడా దాని మీదే నడిచేది.

ఇక సణుగుడు సంగతి చెప్పాలి. సణుగుడంటే మూడో స్తంభం దగ్గరున్న మీటరు. మేం పెట్టిన ముద్దుపేరు.

ప్రతి స్తంభం తల మీదా ఒక బేరింగు ఉంటుంది. రెండు నున్నటి పలకలు, ఒకదాని మీద ఒకటి. వాటి మీద వంతెన కూర్చుంటుంది. ఎండకి వంతెన పొడుగు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అప్పుడల్లా పై పలక కింది పలక మీద జారాలి. అలా జారితే కింద స్తంభం తన మానాన తాను నిలబడి ఉంటుంది. ఎంత జారిందో కొలవడానికి ప్రతి బేరింగు పక్కనా ఒక మీటరు పెట్టాం. మూడో స్తంభం మీటరు ఎండాకాలం వస్తే చాలు, జారుడు ఎక్కువైందని గగ్గోలు పెట్టేది. మేం వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు. అందుకని సణుగుడన్నాం.

ఆ సణుగుడు ఒక ఎండాకాలం నోరు మూసుకుంది. తెర మీద దాని గీత పడుకుండిపోయింది. ఎండ కాసినా అంతే, వాన పడినా అంతే. ఎండకీ చలికీ మారని మీటరు చచ్చినట్టేనని కంప్యూటరుకి మా విభాగమే నేర్పింది కాబట్టి, అది బుద్ధిగా దాన్ని బూడిదరంగులో పెట్టేసింది. ఆఫీసంతా హమ్మయ్య అనుకుంది. మీటర్లు బిగించే టెక్నీషియన్, మేమందరం స్పానర్ అని పిలిచే కుర్రాడు, వెళ్ళి కొత్తది పెట్టి వచ్చాడు. కొన్నాళ్ళకి అదీ బూడిదరంగే. తేమ చేరి ఉంటుందన్నారు. మూడోది పెట్టాడు. అదీ అంతే. ఈసారి తీగలో లోపమన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఒకే కుర్చీలో కూర్చున్న ముగ్గురూ వరసగా పోతే, నాలుగోవాణ్ణి కూర్చోబెట్టేముందు కుర్చీని చూడొద్దా అని అందరి ముందూ అడిగాను. మా చీఫ్ నవ్వి, తీగ మార్పించండి మేడమ్ అన్నాడు. చీఫ్ మంచివాడే. ఎవరినీ నొప్పించడు. అదే ఆయన జబ్బు.

తీగ మార్చే వంకతో స్పానర్‌ని వెంటబెట్టుకుని వంతెన కిందికి వెళ్ళాను. నా మోకాళ్ళు ఆ ఇనప నిచ్చెనని చూసి మొరాయించాయి, అయినా ఎక్కాను. స్తంభం తల దగ్గర మనిషి వంగి కూర్చునేంత జాగా ఉంటుంది. పావురాల కంపు. నెత్తి మీద బస్సు వెళ్ళినప్పుడల్లా దడదడ. మీటర్లనీ తీగలనీ పక్కన పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీశాను. రెండో స్తంభం దగ్గర పై పలక మీంచి కింది పలక మీదికి నిలువుగా ఒక గీత గీశాను. మూడో స్తంభం దగ్గరా అలాగే గీశాను. అప్పటికింకా పొద్దుటి చల్లదనం ఉంది. కిందికి దిగి, ఎండ ముదిరేదాకా స్పానర్ వాళ్ళింటి కబుర్లన్నీ విన్నాను.

మళ్ళీ ఎక్కి చూస్తే, రెండో స్తంభం మీద గీత విరిగి ఉంది. పై సగం గోరంత దూరం పక్కకి జరిగింది. జరగాలి. మూడో స్తంభం మీద గీత నేను ఎలా గీశానో అలాగే ఉంది, చెక్కు చెదరలేదు.

"మేడమ్, మరి నేను పీకేసినవి?" అన్నాడు స్పానర్.

"మూడూ బతికున్నవే నాయనా" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. మీటర్లు మూడూ నిజమే చెప్పాయి. జారాల్సిన పలకలు పట్టేసుకుపోయాయి. జారుడు లేదు కాబట్టి మీటరు సున్నా చూపించింది. సున్నా చూపించినందుకు మేం దాన్ని చంపేశాం. వంతెన మాత్రం సాగడం మానుతుందా? సాగిన ప్రతిసారీ స్తంభం తలని కూడా తనతో ఈడ్చుకుపోతోంది. మూడో స్తంభం అన్నిటికంటే పొట్టిది, లావుది, వంగే రకం కాదు. అది వాలదులే అని దానికి వాలు కొలిచే మీటరు కూడా పెట్టలేదు. వంగలేనిది ఏం చేస్తుంది, పగులుతుంది. టార్చి వేసి బేరింగు కింద అంచు వెంబడి చూశాను. పగులు సన్నగా, కొత్తగా, శుభ్రంగా ఉంది. నా గుర్తింపు కార్డు దూర్చి చూశాను. నా ఫోటో దాకా లోపలికి పోయింది.

ఆ సాయంత్రమే చీఫ్ గదిలో కూర్చుని అంతా చెప్పాను. బయటి నిపుణులని పిలుద్దామన్నాడు. వాళ్ళొచ్చేదాకా ఆ అంచు ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారని అడిగాను. అంచు విరిగితే వంతెన ఒక పక్కకి కూలబడుతుంది. అది ఆయనకీ తెలుసు. "మొత్తం మూసేయమంటారా?" అన్నాడు.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. నా కళ్ళ ముందు కొండదారీ, కారు వెనక సీట్లో అక్కా కనబడ్డారు.

"లారీలూ బస్సులూ ఆపేద్దాం సార్. కార్లూ బైకులూ పోనిద్దాం" అన్నాను.

చీఫ్ మొహం వెలిగిపోయింది. ఆయనకి ఇష్టమైన జవాబు అది. ఎవరూ పూర్తిగా తిట్టరు, ఎవరూ పూర్తిగా మెచ్చుకోరు. ఉత్తర్వు రాయించి, మర్నాడు పొద్దున ట్రాఫిక్ వాళ్ళకి పంపుతానన్నాడు.

ఇందులో మోసం ఏమిటో నాకు తెలుసు. కాంక్రీటు వంతెన మోసేది చాలావరకు తన బరువునే. లారీ దానికి పెద్ద లెక్కలోది కాదు, కారు అసలే కాదు. పైగా ఇక్కడ స్తంభాన్ని ఈడుస్తున్నది ఎండ. ఒక్క బండి తిరగకపోయినా ఎండ కాస్తుంది, పగులు పెరుగుతుంది. లారీలని ఆపితే మేం ఏదో చేశామని అనిపించుకుంటాం, అంతే. ఇరవయ్యేళ్ళకి పైగా ఈ పనిలో ఉండి, కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేదాన్నే నేను.

ఇంటికి వస్తూ దారిలో ఆగి బావకి ఫోను చేశాను. రేపటినుంచి లారీలూ బస్సులూ ఆపేస్తున్నామని చెప్పాను. కార్లకి పర్వాలేదు కదా అన్నాడు. పర్వాలేదన్నాను. అని, ఫోను పెట్టేయలేకపోయాను. నోరు దానంతట అదే వాగింది.

"కార్లని రానిస్తారు బావా. నువ్వు మాత్రం అక్కని ఆ వంతెన మీదికి తీసుకురాకు."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు వినబడింది. అక్క మాట్లాడింది. అక్కది చిన్నప్పటినుంచీ మెత్తటి గొంతు. అమ్మ నన్ను కొట్టబోతే ఆ గొంతుతోనే అడ్డుపడేది.

"మమ్మల్ని రావద్దంటున్న వంతెన మీదికి ఊళ్ళోవాళ్ళని ఎందుకు రానిస్తున్నావే?"

నాకు తల కొట్టేసినట్టయింది. అది కాదక్కా, ఆసుపత్రి, కొండదారి, అని ఏదో నసిగాను. నా సంగతి తర్వాత, అడిగినదానికి చెప్పమంది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించేదేముంది అందులో, అని ఫోను పెట్టేసింది.

అటునుంచి అటే వెనక్కి తిరిగాను. చీఫ్ అప్పుడే కారు తాళాలు తీస్తున్నాడు. ఆయన్ని ఆపి, మొత్తం మూసేయాలి సార్ అన్నాను. ఇందాక మీరే కదా కార్లు పోనిద్దామన్నారు అని విస్తుపోయాడు.

"ఇందాక మాట్లాడింది మా అక్క చెల్లెలు. ఇప్పుడు మీ ఇంజనీర్ని మాట్లాడుతున్నాను."

ఆయనకి మా అక్క సంగతి తెలుసు. తాళాలు జేబులో వేసుకుని, పైకి రండి అన్నాడు. మర్నాడు ఎండ ఎక్కకముందే రెండు వైపులా అడ్డుగోడలు పెట్టేశారు.

ఊరు ఊరంతా మమ్మల్ని దుమ్మెత్తిపోసింది. కళ్ళెదుట నిలబడున్న వంతెనని గోరంత పగులు కోసం మూసేస్తారా అన్నారు. వాటికి నేను చలించలేదు. తిట్లు పడడం మా జీతంలో భాగం. బావ మాటే గుచ్చుకుంది. అక్కని మా ఇంట్లో దింపమని, మరమ్మతు అయ్యేదాకా ఇవతలే ఉంచుదామని అడిగితే ఒప్పుకోలేదు. పంతం కొద్దీ కొండదారినే తీసుకొచ్చాడు. ఆసుపత్రికి చేరేసరికి అక్క వంతు దాటిపోయింది. నేను వెళ్ళి నర్సు కాళ్ళావేళ్ళా పడితే చివరి మిషను ఇచ్చారు. అయ్యాక అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. బావ తనని మా ఇంటికి తెచ్చి, మంచం మీద పడుకోబెట్టి, పెట్టె గుమ్మంలో పెట్టాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాను.

"వద్దు మేడంగారూ" అన్నాడు.

పెళ్ళినాడు నేను గౌను వేసుకుని ఉన్నప్పటినుంచీ ఆయన నన్ను మరదలా అనే పిలిచాడు. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా మిగతాది కూడా చెప్పాడు. వంతెన మూసినందుకు తనకి కోపం లేదట. అది పాడైన నెలలన్నీ తన పెళ్ళాన్ని దాని మీదే తిప్పాడట. వంగిందా అని నన్ను అడుగుతూనే ఉన్నాడట. నేను తెర ముందు కూర్చుని నవ్వుతూనే ఉన్నానట. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన వెళ్ళాక వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అక్క మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇద్దరం రోజూ కీచులాడుకున్నాం. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు లెక్క. ఆ నీళ్ళని అక్క ఒక చిన్న గాజుగ్లాసుతో పొదుపుగా తాగేది. నేను కాపలా కాసేదాన్ని. దొంగని పట్టినట్టు పడతావేంటే అని విసుక్కునేది. నా టీవీ గోల తనకి పడదు, తను కిటికీలు మూయడం నాకు పడదు. అయినా ఆఫీసునుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండడం నాకు బాగుండేది. ఆ మాట తనకి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది. బావ వారానికోసారి కొండదారిన బస్సులో వచ్చేవాడు. అక్క పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తేవాడు. నేను టీ ఇస్తే థాంక్స్ మేడంగారూ అనేవాడు. నాకు ఆ టీ ఆయన నెత్తిన పోయాలనిపించేది.

వానలు వెళ్ళాక వంతెనని జాకీల మీద ఎత్తారు. వెంట్రుకవాసి ఎత్తడానికే రోజంతా పట్టింది. పలకలని విడదీస్తే లోపల తుప్పు గట్టిపడి, రెండూ ఒకటే ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. అంచు దగ్గర చెడిన కాంక్రీటు కొట్టేద్దామని పనివాళ్ళు సుత్తి వేశారో లేదో, మంచమంత ముక్క ఊడి నదిలో పడింది. చీఫ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. తర్వాత ఆయన ఆఫీసుకొచ్చి బూడిదరంగు తీయించేశాడు. ఇప్పుడు ఎండకి మారని మీటరు తెర మీద ఎర్రగానే వెలుగుతుంది. మార్చడానికి వెళ్ళేవాళ్ళు ముందు సుద్దముక్క పట్టుకెళ్ళాలి.

కొత్త బేరింగులు పెట్టారు. స్తంభం తల చుట్టూ కొత్త కాంక్రీటు పోశారు. ఇసుక లారీలని వరసగా నిలబెట్టి బరువు పరీక్ష చేశారు. సణుగుడు గీత తెర మీద మళ్ళీ పొద్దున్న దిగడం, మధ్యాహ్నం ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి రోజు అది హద్దు దాటిందని మోగితే గదిలో అందరం చప్పట్లు కొట్టాం.

వంతెన తెరిచిన రోజున బావ అవతలనుంచి కారు వేసుకుని వచ్చాడు. అక్క పెట్టె సర్దుకుని వాకిట్లో సిద్ధంగా కూర్చుని ఉంది. నేను పెట్టె డిక్కీలో పెట్టాను. అక్క తన గాజుగ్లాసు చేత్తో పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను జాగ్రత్తలు చెప్పి పక్కకి తప్పుకున్నాను. బావ కారు తీయలేదు. పక్కకి వంగి, తన పక్క సీటు వైపు తలుపు తెరిచాడు.

"ఎక్కు మరదలా" అన్నాడు.

ఎక్కాను. ఆఫీసుకి ఆలస్యమవుతుందని అనను కూడా అనలేదు. వంతెన మీద కార్లూ బస్సులూ ఎప్పటిలాగే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మూడో స్తంభం దగ్గరికి రాగానే, కొత్త కాంక్రీటు ఈ కిందే ఉందని వేలితో చూపించాను. దాటాక బావ గేరు మార్చి అడిగాడు.

"వంగిందా?"

"నువ్వు ఎక్కావు కదా బావా, వంగకేం చేస్తుంది."

వెనకనుంచి అక్క గ్లాసు ముందుకి చాచి, నీళ్ళు పొయ్యమంది. సీసాలోంచి సగం పోశాను. నిండా పొయ్యవే, ఇవాళ్టికి ఇదే మొదటిది అంది. నిండా పోశాను.